తిరిగి రాని అరువు

రాజపాళెం పక్కనున్న సత్రపట్టిలో మరమగ్గాల మీద ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేస్తారు. కూలికి నేసే పద్ధతిలో నూలు ఒకరిది, మగ్గం ఇంకొకరిది. నూలు గడప దాటి వెళ్తుంది, గుడ్డై తిరిగొస్తుంది. నేసినవాడికి కూలి ముడుతుంది, సరుకు మాత్రం నూలు ఇచ్చినవాడిదే. ఫుట్‌బాల్‌లో ‘లోన్’ అనే ఏర్పాటు సారం కూడా ఇంతే. పెద్ద క్లబ్బులో బెంచీ మీద కూర్చుని కాళ్ళు ఊపుకునే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి, వారం వారం ఆడించగల మరో క్లబ్బుకు ఆరు నెలలో ఏడాదో ఇస్తారు. వాడు అక్కడ దెబ్బలు తింటాడు, తప్పులు చేస్తాడు, రాటుదేలతాడు, గడువు తీరగానే సొంత గూటికి వస్తాడు. దీన్ని తెలుగులో అప్పు అనడం కంటే అరువు అనడం నయం. అప్పు తీర్చేటప్పుడు తీసుకున్న నోటే ఇవ్వనక్కర్లేదు. అరువు అలా కాదు. పెళ్ళికి తెచ్చుకున్న కాసులపేరైనా, పందిట్లోకి తెచ్చిన గంగాళమైనా తెచ్చినదాన్నే తిరిగి ఇవ్వాలి. తిరిగి ఇవ్వకపోతే అది అరువు కాదు, దానికి వేరే పేర్లున్నాయి.

ఇంగ్లండులో ఈ పద్ధతి ఎంత మామూలైపోయిందంటే, పేరున్న ఆటగాళ్ళలో చాలామంది జీవితచరిత్రల్లో ఒక అధ్యాయం ఎక్కడో చిన్న ఊళ్ళో గడుస్తుంది. 1995లో మాంచెస్టర్ యునైటెడ్ డేవిడ్ బెక్‌హామ్‌ను ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు పంపింది. అక్కడ ఆడినవి ఐదు మ్యాచ్‌లు, కొట్టినవి రెండు గోల్స్. టోటెన్‌హామ్ కుర్రాడు హ్యారీ కేన్ 2011 నుంచి 2013 మధ్య లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నార్విచ్, లెస్టర్ అని నాలుగు ఊళ్ళు తిరిగాడు. మిల్‌వాల్‌లో తప్ప అతను పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు. అయినా ప్రతిసారీ వెనక్కి పిలిచి చూసుకునే చోటు ఒకటుంది. కుర్రాడు ఎదగడానికి ఊరు దాటడం ఒక్కటే చాలదు. దాటినవాడి మీద కన్నేసి ఉంచే మనిషి వెనక ఉండాలి, వాడు రావలసిన తేదీ ఒకటి ఉండాలి. ఈ కొలత పట్టుకుని హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చదివితే, మనం మామూలుగా చెప్పుకునే ‘వైభవం, పతనం’ కథ కొంచెం వేరే రూపంలో కనిపిస్తుంది. హైదరాబాద్ తన కుర్రాళ్ళను కలకత్తాకు పంపడం వల్ల చెడిపోలేదు. పంపిన లెక్క రాసుకునే మనిషి 1963లో పోయాడు, ఆ తర్వాత ఆ పుస్తకం ఎవరూ తెరవలేదు. నా వాదన ఇది.

ఆ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆయన పేరు ఈ తరానికీ తెలిసింది. 1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్, ఆపైన భారత జట్టుకు కోచ్. ఒకే మనిషి మూడు కుర్చీల్లో కూర్చోవడం మంచిదా చెడ్డదా అన్నది పాలనలో ఎప్పుడూ ఉండే తగవు. ఇక్కడ మాత్రం దానివల్ల ఒక మేలు జరిగింది: కుర్రాణ్ణి గల్లీలో చూసినవాడే పోలీసు జట్టులో ఆడించాడు, ఒలింపిక్స్‌కు తీసుకుపోయినవాడూ అతనే. రహీం పెట్టిన పోటీల తీరు చూస్తే ఆయనలోని పంతులు కనిపిస్తాడు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఒక టోర్నమెంటు, వాటం లేని కాలితోనే ఆడాలని ఒకటి, ఇంత ఎత్తుకు మించినవాళ్ళు రాకూడదని ఇంకొకటి. ఈ షరతులన్నీ లెక్కల మాస్టారు ఇచ్చే ఇంటిపని లాంటివి. బంతిని దగ్గర పెట్టుకోకుండా తక్షణం అందించడం, రెండు కాళ్ళూ వాడడం అలా ఒంటబట్టాయి. ఫలితం త్వరగానే తెలిసింది. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరసగా ఐదేళ్ళు గెలిచింది, 1950లోనే డ్యూరాండ్ కప్పూ తెచ్చింది. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ 1956–57లో, 1957–58లో హైదరాబాద్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకున్న భారత జట్టులో హైదరాబాద్, సికిందరాబాద్ గల్లీల నుంచి వచ్చినవాళ్ళు ఒక గుంపే ఉన్నారు.

ఇలాంటి పొలం కనబడితే కోతకు వచ్చేవాళ్ళకు కొదవా? కలకత్తా క్లబ్బులు బయటి ఊళ్ళ నుంచి ఆటగాళ్ళను తెచ్చుకోవడం అప్పటికే పాత అలవాటు. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు కలకత్తా లీగు గెలిచిన మహమ్మదన్ స్పోర్టింగ్ దేశం నలుమూలల నుంచీ మనుషుల్ని పోగేసింది. 1949–51 మధ్య ఈస్ట్ బెంగాల్‌కు వరసగా మూడు ఐ.ఎఫ్.ఎ. షీల్డులు తెచ్చిన ‘పంచ పాండవుల’ పేర్లు వినండి: వెంకటేష్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలె. ఐదుగురిలో బెంగాలీ ఒక్కడూ లేడు. కాగితం మీద అదంతా అమెచ్యూర్ ఆట. ఆటగాడికి జీతం లేదు, కాబట్టి క్లబ్బుకూ క్లబ్బుకూ మధ్య బేరమూ లేదు. ఏడాదికోసారి ఆటగాడు ఫలానా క్లబ్బుకు ఆడతానని సంతకం పెడతాడు, అంతటితో పాత క్లబ్బు బంధం తెగిపోతుంది. ఆ సంతకాల రోజుల్లో అవతలివాళ్ళ కంటబడకుండా ఆటగాళ్ళను దాచిపెట్టడం, ఎత్తుకుపోవడం కలకత్తాలో ఒక వార్షిక వినోదం. ఆటగాడి చేతికి ఏదో ఒక దారిన ఎంతో కొంత ముట్టేది, ఉద్యోగం దొరికేది. వాణ్ణి పెంచిన మైదానానికి మాత్రం ఏమీ రాదు. డబ్బు లేని ఆట అన్న నియమం పెంచినవాళ్ళ విషయంలో తు.చ. తప్పకుండా అమలైంది.

తులసీదాస్ బలరాం సికిందరాబాద్ కంటోన్మెంటు పక్క అమ్ముగూడలో పుట్టాడు. సిటీ పోలీసు జట్టులో రహీం చేతి కింద ఆడి, మెల్‌బోర్న్ వెళ్ళొచ్చి, 1957లో ఈస్ట్ బెంగాల్ చేరాడు. అప్పటికి ఇరవయ్యో ఏడు. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ సికిందరాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే చిన్న క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు గోల్‌కీపరై, 1960లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్‌కు వెళ్ళాడు. ఇద్దరూ హైదరాబాద్ క్లబ్బులకు తిరిగి రాలేదు. ఇందులో అరువు ఎక్కడుందని అడగవచ్చు. ఉంది, ఇంకో రూపంలో. బలరాం కలకత్తాలో మూడు సీజన్లు వానలో, బురదలో, గోల్ పడకపోతే ఊరుకోని జనం ముందు ఆడి, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు మళ్ళీ రహీం దగ్గరికే వచ్చాడు. అక్కడ హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన జట్టులో గోల్ ముందు తంగరాజ్, ముందు వరసలో బలరాం. బయట శిక్షణ కలకత్తాది, ఒప్పచెప్పుకున్నది రహీం. క్లబ్బుకు క్లబ్బు ఇచ్చిపుచ్చుకునే లోన్ కాదది. ఒక గురువు చేతిలోంచి వెళ్ళి ఏటా కొన్ని వారాలు అదే గురువు చేతికి వచ్చే ఏర్పాటు. ఎక్కడ మెరుగుపడ్డాడు, ఎక్కడ చెడిపోయాడు అన్నది మొదటి రోజు నుంచి చూసినవాడికే తెలుస్తుంది. మన కాలపు క్లబ్బుల్లో లోన్ మీద వెళ్ళిన కుర్రాళ్ళను కనిపెట్టి ఉండడానికే జీతమిచ్చి మనిషిని పెడుతున్నారు. రహీం ఆ పని పేరు పెట్టకుండా చేశాడు.

నా మాటకు ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఇదే జట్టులో ఉంది. రోమ్‌లోనూ జకార్తాలోనూ ఆడిన యూసుఫ్ ఖాన్ కలకత్తా వెళ్ళలేదు, పోలీసు జట్టులోనే ఉండిపోయాడు. ఊరు దాటకుండానే ఆసియా చాంపియన్ కాగలిగినప్పుడు, అరువు పోవడంలో అంత గొప్పేముంది? జవాబు పోలీసు జట్టు ఆడిన తీరులో దొరుకుతుంది. ఆ జట్టు హైదరాబాద్‌లో కూర్చుని కప్పులు గెలవలేదు. రోవర్స్ అంటే బొంబాయి, డ్యూరాండ్ అంటే ఢిల్లీ. ఏటా నెలల తరబడి రైళ్ళెక్కి, పరాయి మైదానాల్లో, పరాయి జనం ముందు మోహన్ బగాన్‌తో, ఈస్ట్ బెంగాల్‌తో తలపడి ఇంటికి వచ్చేది. ఒక్కొక్క కుర్రాణ్ణి పంపే బదులు జట్టంతటినీ పంపి, జట్టంతటినీ వెనక్కి తెచ్చుకున్నట్టు. యూసుఫ్ ఖాన్‌కు కావలసిన పరాయి మట్టి అలా దొరికింది. పైగా డ్యూటీ పోలీసుది, జీతం పోలీసుది. వెనక్కి రావడం అక్కడ తప్పనిసరి.

1963 జూన్ 11న రహీం చనిపోయారు. జకార్తా విజయానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆయన పోగానే అంతా కూలిపోలేదు, చరిత్రలో అలా జరగడం అరుదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌నే ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్టులో మహమ్మద్ హబీబ్ అనే పదహారేళ్ళ కుర్రాడున్నాడు. 1966లో ఈస్ట్ బెంగాల్ అతన్ని తీసుకుపోయింది, అదే ఏడు సిటీ పోలీసు నుంచి సయ్యద్ నయీముద్దీన్‌నూ తీసుకుపోయింది. 1969లో బెంగాల్ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు హబీబ్ బెంగాల్ జెర్సీలో ఉన్నాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్‌కు కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు నయీముద్దీన్, ముందు వరసలో హబీబ్. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు దక్కిన చివరి పతకం అదే. అంటే రహీం నాటిన మొక్కలు ఆయన పోయిన ఏడేళ్ళకు కూడా కాశాయి. కానీ కొత్తగా నాటినవాళ్ళు తగ్గిపోయారు. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటివాళ్ళు వచ్చారు, వాళ్ళ పేర్లు కూడా కలకత్తా క్లబ్బుల చరిత్రల్లోనే చదువుకుంటాం. సత్రపట్టి లెక్కలో చెప్పాలంటే నూలు పోయింది, గుడ్డ రాలేదు, చివరికి నూలు వడికే రాట్నమే ఆగింది. 1965–66 తర్వాత సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ గానీ, ఆంధ్ర గానీ, తెలంగాణ గానీ గెలవలేదు. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లో జరిగింది. కేరళ మీద 1–0తో గెలిచి పట్టుకుపోయింది ఎవరనుకున్నారు? బెంగాల్.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని పక్కకు నెట్టడం న్యాయం కాదు. ఆటగాడు నూలు కండె కాదు. కానిస్టేబుల్ జీతంతో ఊళ్ళో ఉండిపోవాలా, లక్షమంది అరుపుల మధ్య ఆడి నాలుగు రాళ్ళు సంపాదించుకోవాలా అన్నది వాడి బతుకు, వాడి ఇష్టం. హబీబ్ ఉద్యోగాలను కాదని ఆటనే వృత్తిగా బతికాడు కాబట్టే మన దేశపు తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్లలో ఒకడిగా అతని పేరు చెబుతారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచిన రోజు అతను మైదానంలో ఉన్నాడు. ఊళ్ళోనే ఉండిపోతే అది దక్కేదా? దక్కేది కాదు. వెళ్ళనివ్వకుండా ఉండాల్సిందని వాదిస్తే ఊరి పేరు చెప్పి మనిషిని కట్టేయడమే అవుతుంది. నా ఫిర్యాదు వెళ్ళినవాళ్ళ మీద కాదు, తీసుకున్నవాళ్ళు పెంచినవాళ్ళకు ఏమీ బాకీపడని ఏర్పాటు మీద. ఆ అన్యాయాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ చాలా ఆలస్యంగా ఒప్పుకుంది. పన్నెండేళ్ళ వయసు నుంచి ఇరవై మూడేళ్ళ దాకా కుర్రాణ్ణి తీర్చిదిద్దిన క్లబ్బులన్నిటికీ ఆ తర్వాత అతని బదిలీ సొమ్ములో 5 శాతం వాటా పంచాలన్న నియమం, శిక్షణకు పరిహారం ఇవ్వాలన్న నియమం ఫిఫా 2001లో తెచ్చింది. అలాంటిదేదో 1960ల్లో మన దేశంలో ఉండి ఉంటే, సికిందరాబాద్‌లోని చిన్న క్లబ్బులకు ఏటా బంతుల ఖర్చయినా వచ్చేది.

రెండో అభ్యంతరం చరిత్రకారులది. పతనానికి కారణాలు అనేకం: పోలీసు, రైల్వే, బ్యాంకుల్లో ఆట పేరుతో ఇచ్చే ఉద్యోగాలు తగ్గాయి, మైదానాలు కాంక్రీటు కింద పడ్డాయి, క్రికెట్ జనాన్ని లాక్కుంది, సంఘాల్లో తగాదాలు ముదిరాయి. ఇవన్నీ నిజాలే. అయితే ఇవన్నీ కేరళకూ వర్తిస్తాయి కదా. ఐ.ఎం. విజయన్ కేరళ పోలీసు నుంచి 1991లో మోహన్ బగాన్‌కు వెళ్ళాడు, మరుసటి ఏడు కేరళ పోలీసుకే తిరిగి వచ్చాడు, ఆ తర్వాత మళ్ళీ కలకత్తా వెళ్ళాడు. దాన్ని ఎవరూ లోన్ అనలేదు, కానీ పని చేసింది మాత్రం అలాగే. ఆ రోజుల్లోనే, 1991–92లోనూ 1992–93లోనూ, కేరళ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఒక్క విజయన్ రాకతో అంతా జరిగిందని నేనను. తిరిగి రావడానికి విలువనిచ్చే జట్టు ఒకటి ఊళ్ళో బతికి ఉండడం అసలు తేడా. హైదరాబాద్‌లో 1970ల నాటికి ఒక హబీబో ఒక నయీమో తిరిగి వద్దామనుకున్నా, రావడానికి తగిన గూడు కనిపించేది కాదు.

లోన్ అనే మాట వింటేనే మురిసిపోవలసిన పని లేదన్న మూడో అభ్యంతరంతో నాకు పెద్దగా పేచీ లేదు. చెల్సీ లాంటి క్లబ్బులు ఒక దశలో ఒకేసారి 30 మందికి పైగా కుర్రాళ్ళను బయటికి పంపి, వాళ్ళను పెంచడం కంటే గోదాములో సరుకులా నిలవ చేశాయి. ఆ సరుకులో ఎక్కువ భాగం చెల్సీ జట్టులో ఆడనే లేదు. అందుకే ఫిఫా 2022 జులై నుంచి దేశాల మధ్య జరిగే లోన్ల మీద పరిమితులు పెట్టింది. లోన్ గడువు ఏడాదికి మించకూడదు, లోన్ మీద వచ్చినవాణ్ణి ఇంకొకరికి ఇవ్వకూడదు, ఒక క్లబ్బు పంపగల ఆటగాళ్ళ సంఖ్య 8తో మొదలై 2024 జులై నాటికి 6కు తగ్గాలి. ఇరవై ఒకటి దాటని, క్లబ్బు సొంతంగా పెంచిన కుర్రాళ్ళకు మాత్రం ఆ లెక్క వర్తించదు. మినహాయింపు ఎవరికిచ్చారో చూస్తే అరువు అసలు ఎవరికోసం పుట్టిందో ఫిఫాకు గుర్తుందని తెలుస్తుంది.

మన దేశంలో లోన్ పెద్ద ఎత్తున వచ్చింది వేరే దారిలో. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు అది ఏడాది చివర కొన్ని నెలలే ఉండేది, అప్పటికే ఉన్న ఐ–లీగ్ జనవరి నుంచి నడిచేది. ఐ–లీగ్ క్లబ్బులు ముందు ఆటగాళ్ళను ఇవ్వమని మొరాయించి, తర్వాత దిగొచ్చాయి. 2015లో బెంగళూరు ఎఫ్.సి. ఆటగాడైన సునీల్ ఛెత్రీని ముంబయి సిటీ వేలంలో రూ. 1.2 కోట్లకు తీసుకుంది, ఆట ముగిశాక అతను మళ్ళీ బెంగళూరుకే ఆడాడు. ముప్పై ఏళ్ళు దాటిన దేశ కెప్టెన్‌కు ఆ అరువుతో కొత్తగా నేర్పేదేముంది? ఆ లోన్లు క్యాలెండర్‌లోని ఖాళీని పూడ్చడానికి పుట్టాయి. రెండు లీగులూ 2017లో ఒకేసారి నడవడం మొదలుపెట్టగానే మాయమయ్యాయి. కుర్రాళ్ళ కోసమంటూ అఖిల భారత సమాఖ్య 2010లో మొదలుపెట్టిన ఇండియన్ యారోస్ ఇంకో తీరు: కుర్రాళ్ళతోనే ఒక జట్టు కట్టి పెద్దల లీగులోకి దింపడం. ఆడే నిమిషాలు దొరికాయి, పక్కన నిలబడి తిట్టి నేర్పే ముప్పై ఏళ్ళ డిఫెండర్ మాత్రం దొరకలేదు. 2013లో మూసి, 2017లో తెరిచి, 2022లో మళ్ళీ మూసేశారు.

హైదరాబాద్‌కు మళ్ళీ ఒక గూడు వచ్చినట్టే కనిపించింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. విజేత అయింది. ఇంకో పక్క శ్రీనిధి డెక్కన్ 2021లో ఐ–లీగ్‌లోకి అడుగుపెట్టింది. శ్రీనిధి తన మిజో డిఫెండర్ లాల్‌చుంగ్‌నుంగాను 2022లో ఈస్ట్ బెంగాల్‌కు లోన్ మీద ఇచ్చింది. బలరాం వెళ్ళిన దారే, అరవై ఐదేళ్ళ తర్వాత, ఈసారి కాగితం మీద గడువుతో. గడువు తీరాక అతను తిరిగి రాలేదు, ఈస్ట్ బెంగాల్‌తోనే శాశ్వత ఒప్పందం చేసుకున్నాడు. అయితే ఈసారి రెండు క్లబ్బుల మధ్య ఒక సంతకం జరిగింది, పెంచినవాళ్ళ పేరు కాగితం మీదికి ఎక్కింది. అదీ ఒక మెట్టే. హైదరాబాద్ ఎఫ్.సి. మాత్రం డబ్బు కష్టాల్లో పడి ఆటగాళ్ళను పోగొట్టుకుంది, చేతులు మారి 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయాడు. ఆట మానేశాక అతను స్థిరపడింది హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో. హబీబ్ ఆ ఏడే ఆగస్టు 15న పోయాడు. అతను కలకత్తా వదిలి, జంషెడ్‌పూర్‌లో టాటా అకాడమీ కుర్రాళ్ళకు ఆట నేర్పి, ఆఖరికి హైదరాబాద్ వచ్చి ఇక్కడే కన్నుమూశాడు.